రంగు కంటే ముందు గాలి: ఎయిర్‌బ్రష్ మొదలుపెట్టేవాళ్ళకి కొన్ని పాఠాలు

పోయిన ఏడాది యాన్యువల్ డేకి మన క్లబ్ వాళ్ళు పడక సీను వేశారు, గుర్తుందా? కృష్ణుడి కిరీటం చూసి చాలామంది "అద్దెకి ఎక్కడ తెచ్చారు?" అని అడిగారు. అద్దెకి తేలేదు. ఫోమ్ షీట్ కత్తిరించి, నెమలి పింఛం గుచ్చే హోల్డర్‌ని ల్యాబ్‌లో త్రీడీ ప్రింట్ తీసి, ఎయిర్‌బ్రష్‌తో మేమే రంగులు వేశాం. దగ్గరికొచ్చి చూసినవాళ్ళకి మాత్రం ఎడమ పక్క చిన్న చిన్న మచ్చలు కనిపించే ఉంటాయి. అది డిజైన్ అనుకుని మెచ్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. నిజం చెప్తున్నా, అవి కంప్రెసర్ ఉమ్మిన నీళ్ళ చుక్కలు.

ఈ ఏడాది ఆ పని జూనియర్లకి అప్పగిస్తున్నాం. నేను చేసిన తప్పులు వాళ్ళు మళ్ళీ చేయకూడదని ఇది రాస్తున్నాను. నేను చదివింది అంతా ఇంగ్లిష్ మీడియం, పైగా సీఎస్ఈ. కాబట్టి తెలుగు తడబడితే ఎడిటర్ అక్క దిద్దుతుంది, మోటార్ల సంగతి తడబడితే మెకానికల్ వాళ్ళు దిద్దాలి.

అందరూ రంగులు, నాజిళ్ళ గురించే అడుగుతారు. నాకు అర్థమైంది ఏంటంటే, ఎయిర్‌బ్రష్‌లో ముందు నేర్చుకోవాల్సింది గాలి గురించి. ట్యాంక్‌లోకి వెళ్ళే గాలి, బ్రష్ లోంచి వచ్చే గాలి, మనం పీల్చే గాలి. ఈ మూడూ సరిగ్గా ఉంటే రంగు దానంతటదే దారికొస్తుంది.

ఎయిర్‌బ్రష్ ఎలా పనిచేస్తుంది

పెన్ను సైజులో ఉండే స్ప్రే గన్ అనుకోండి. లోపల సన్నటి సూది, దాని మొన దగ్గర అంతకన్నా సన్నటి నాజిల్ ఉంటాయి. గాలి నాజిల్ చుట్టూ వేగంగా వెళ్ళినప్పుడు అక్కడ ఒత్తిడి తగ్గుతుంది, రంగు బయటికి లాగబడుతుంది, గాలి దాన్ని తుంపరగా చీలుస్తుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో బట్టీ కొట్టిన బెర్నౌలీ ఇక్కడ పనికొస్తాడు. ఇది కొత్త వస్తువేం కాదు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో అబ్నర్ పీలర్ అనే ఆయన 1870ల చివర్లోనే ఇలాంటిది తయారు చేశాడు.

కొనేటప్పుడు రెండు మాటలు వినిపిస్తాయి. "సింగిల్ యాక్షన్" అంటే మీట నొక్కగానే గాలి, రంగు రెండూ కలిసి వస్తాయి. "డబుల్ యాక్షన్" అంటే మీట కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. మొదట్లో కష్టంగా అనిపించినా డబుల్ యాక్షనే తీసుకోండి. సింగిల్ మీద నేర్చుకున్న అలవాటును తర్వాత మళ్ళీ మార్చుకోవాల్సి వస్తుంది. రంగు గిన్నె పైన ఉండే రకం (గ్రావిటీ ఫీడ్) తక్కువ ఒత్తిడితో పనిచేస్తుంది, కడగడం కూడా తేలిక. నాజిల్ 0.3 మి.మీ. అయితే మామూలు పనులన్నిటికీ సరిపోతుంది. ప్రైమర్‌కి, మెరుపు రేణువులుండే గోల్డ్ రంగుకి 0.5 మి.మీ. ఉంటే మూసుకుపోదు. 0.2 మి.మీ. మొదట్లో వద్దు. అది ఓపికకి పరీక్ష.

మొదటి గాలి: ఏ కంప్రెసర్ కొనాలి

నా మొదటి తప్పు ఇక్కడే. క్లబ్ చందాల్లోంచి 2,600 రూపాయలు పెట్టి, ఎయిర్‌బ్రష్‌కే బిగించుకునే చిన్న బ్యాటరీ కంప్రెసర్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. బొమ్మలో భలే ఉంది. ట్యాంక్ లేదు, రెగ్యులేటర్ లేదు, నీళ్ళు పట్టే ఫిల్టర్ లేదు. అరగంట లోపే చార్జింగ్ అయిపోయేది. పైగా గాలి గుండె కొట్టుకున్నట్టు దడదడా వచ్చేది, దాంతో గీత మీద సన్నటి అలలు పడేవి. ఒక్కొక్కరి దగ్గర వందేసి అడుక్కుని పోగుచేసిన డబ్బు అది. చిన్న చిన్న బొమ్మలకి అది పనికొస్తుందేమో గానీ కిరీటానికి రాలేదు.

అప్పుడు లెక్క వేసుకున్నాను. మీరూ వేసుకోండి. ఎయిర్‌బ్రష్‌కి కావాల్సిన ఒత్తిడి మామూలుగా 15 నుంచి 25 పీఎస్ఐ. 20 పీఎస్ఐ అంటే దాదాపు 1.4 బార్. టైర్లలో గాలి కొట్టే కార్ పంపు మీద 150 పీఎస్ఐ అని పెద్దగా రాసి ఉంటుంది. అది చూసి మోసపోవద్దు. మనకి అంత ఒత్తిడి అక్కర్లేదు. మనం చూడాల్సిన అంకె నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి ఇస్తుంది అనేది.

ఎయిర్‌బ్రష్ నిమిషానికి సుమారు 10 లీటర్లు తాగుతుంది అనుకుందాం. కంప్రెసర్ డబ్బా మీద రాసిన అంకె ఒత్తిడి లేనప్పటిది అయి ఉండొచ్చు, ఒత్తిడి పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. అందుకే కనీసం రెట్టింపు, అంటే 20 లీటర్లు ఉన్నది చూసుకోవాలి. అప్పుడు మోటార్‌కి మధ్యమధ్యలో విశ్రాంతి కూడా దొరుకుతుంది.

ఇక ట్యాంక్. యూట్యూబ్ వీడియోకి బఫర్ ఎలాంటిదో కంప్రెసర్‌కి ట్యాంక్ అలాంటిది. నెట్ ఆగి ఆగి వచ్చినా వీడియో ఆగకుండా నడుస్తుంది కదా, ఇదీ అంతే. పిస్టన్ కొట్టే దడదడ ట్యాంక్‌లో కలిసిపోయి బయటికి సాఫీగా వస్తుంది. కానీ ఎంతసేపు నిల్వ ఉంటుంది? ఎయిర్‌బ్రష్ కోసమే అమ్మే చిన్న పిస్టన్ కంప్రెసర్లకి చాలావాటికి 3 లీటర్ల ట్యాంక్ ఉంటుంది. ఒత్తిడి 3 బార్‌కి పడితే మోటార్ మొదలై, 4 బార్‌కి చేరితే ఆగుతుంది. 4 నుంచి 3కి దిగే లోపు బయటికొచ్చే గాలి 3 × 1 = 3 లీటర్లే. అంటే 18 సెకన్లు. అదే 25 లీటర్ల ట్యాంక్ ఉన్న పెద్దది 8 బార్ నుంచి 5 బార్‌కి దిగేసరికి 25 × 3 = 75 లీటర్లు, ఏడున్నర నిమిషాలు. కాబట్టి 3 లీటర్ల ట్యాంక్ ముఖ్యంగా గాలిని సాఫీ చేయడానికి ఉంటుంది, పెద్ద ట్యాంక్ నిల్వకి కూడా పనికొస్తుంది.

మరి ఏది కొనాలి? విడివిడిగా చెప్తాను.

చిన్న పిస్టన్ కంప్రెసర్, 3 లీటర్ల ట్యాంక్‌తో: హాస్టల్‌కి, ఇంటికి ఇదే సరైనది. పక్క గదివాళ్ళు తలుపు కొట్టేంత చప్పుడు ఉండదు. ఆయిల్ పోయనక్కర్లేదు. మేం రెండోసారి కొన్నది ఇదే.

టైర్ షాపుల్లో ఉండే పెద్ద కంప్రెసర్: గాలి ధారాళంగా వస్తుంది, చప్పుడు కూడా ధారాళమే. వర్క్‌షాప్‌లో ఉంటే వాడుకోండి, గదిలో వద్దు. రెగ్యులేటర్ లేకుండా దీనికి ఎయిర్‌బ్రష్ తగిలించకూడదు.

పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో సొంతంగా చేసుకున్నది: చప్పుడే ఉండదు, అందుకే వీడియోలు చూసి చాలామంది ఉత్సాహపడతారు. కానీ దానిలోంచి ఆయిల్ గాలితో పాటు వస్తుంది. ప్రెషర్ స్విచ్, సేఫ్టీ వాల్వ్ మనమే పెట్టాలి. దయచేసి పీవీసీ పైపుని ట్యాంక్‌గా వాడొద్దు. ఒత్తిడికి పగిలితే ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి.

ఆస్తమావాళ్ళు వాడే నెబ్యులైజర్ మోటార్: ఒత్తిడి చాలదు. ఇంకో సంగతి, అది ఇంట్లో ఒకరి ఊపిరి కోసం ఉన్న వస్తువు. దాన్ని ముట్టుకోవద్దు.

ఏది కొన్నా నాలుగు ఉన్నాయో లేదో చూడండి: ట్యాంక్, మీటర్ ఉన్న రెగ్యులేటర్, నీళ్ళు పట్టే ఫిల్టర్, ట్యాంక్ అడుగున డ్రెయిన్ వాల్వ్. హోస్ మర కంప్రెసర్ మరకి సరిపోతుందో లేదో ముందే అడగండి. పావు అంగుళం, అర్ధపావు అంగుళం అని రెండు సైజులుంటాయి. సరిపోకపోతే హార్డ్‌వేర్ షాపులో అడాప్టర్ దొరుకుతుంది. మర మీద టెఫ్లాన్ టేప్ చుట్టి, సబ్బు నీళ్ళు రాసి చూడండి. బుడగలొస్తే గాలి లీకవుతున్నట్టే. డబ్బు తక్కువుంటే ఎయిర్‌బ్రష్ చవకది తీసుకున్నా పర్లేదు, దాన్ని తర్వాత మార్చుకోవచ్చు. కంప్రెసర్ దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు.

ఆ గాలిలో నీళ్ళు

బ్యాటరీది మూలన పడేశాక, రోడ్డు మీదున్న టింకరింగ్ షాపు మేస్త్రిని బతిమాలుకున్నాం. బళ్ళకి పెయింట్ కొట్టే ఆయన. సాయంత్రం షాపు మూసే ముందు గంటసేపు కంప్రెసర్ వాడుకోమన్నాడు. నేను గబగబా హోస్ తగిలించేస్తుంటే ఆపాడు.

"బాబూ, ముందు కింద నట్టు విప్పు."

విప్పాను. బుస్సుమని టీ రంగు నీళ్ళు కారాయి. గ్లాసుడు ఉంటాయి.

"ఇందులో నీళ్ళెవరు పోశారు బాబాయ్?" అన్నాను. ఆయన నవ్వి, "గాలే పోసుద్ది. రోజూ దించాలి. దించకపోతే బండి ట్యాంక్ మీద పొక్కులొచ్చేస్తాయి" అన్నాడు.

రూమ్‌కొచ్చి లెక్క వేశాను. మన కోస్తాలో వానాకాలం సాయంత్రం 30 డిగ్రీలు, తేమ 80 శాతం అనుకోండి. అప్పుడు ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. దాన్ని 4 బార్‌కి నొక్కితే పరిమాణం ఐదో వంతు అవుతుంది. అంత చిన్న చోట, గాలి చల్లారాక, 6 గ్రాముల ఆవిరే నిలుస్తుంది. మిగతా 18 గ్రాములూ నీళ్ళే. ఒక ఘనపు మీటరు అంటే 1,000 లీటర్లు, అంటే మనకి గంటా నలభై నిమిషాల పని. ఆ లోపు మూడు టీస్పూన్లకి పైగా నీళ్ళు ట్యాంక్‌లో, హోస్‌లో చేరతాయన్నమాట.

ఆయన చెప్పింది విన్నాను, లెక్క కూడా వేశాను. అయినా సొంత కంప్రెసర్ కొన్న తర్వాత, ప్రోగ్రాం ముందు రాత్రి హడావిడిలో నట్టు విప్పడం మర్చిపోయాను. ఫిల్టర్ గిన్నె నిండిపోయింది. కిరీటం మీద గోల్డ్ చివరి కోటు వేస్తుండగా టప్ టప్ మని నీళ్ళు ఉమ్మింది. ఆ మచ్చలే మీరు చూసినవి.

కాబట్టి: పని అయ్యాక రోజూ డ్రెయిన్ వాల్వ్ తెరవండి. తెరిచే ముందు ట్యాంక్‌లో ఒత్తిడి బాగా తగ్గించండి. పని మధ్యలో ఫిల్టర్ గిన్నె మీద ఓ కన్నేసి ఉంచండి. కొత్త ఉపరితలం మీదికి వెళ్ళే ముందు, ప్రతిసారీ, ఓ పాత పేపర్ మీద రెండు సెకన్లు కొట్టి చూడండి.

మూడో గాలి: మనం పీల్చేది

ఈ భాగం రాయాలా వద్దా అని ఆలోచించాను. రాస్తేనే మంచిది అనిపించింది.

మొదట్లో గోల్డ్ త్వరగా ఆరుతుందని లాకర్ పెయింట్‌లో థిన్నర్ కలిపి హాస్టల్ గదిలోనే కొట్టాను. కిటికీ తెరిచే ఉంది కదా, చాలనుకున్నాను. మా రూమ్మేట్‌కి చిన్నప్పటి నుంచీ ఆస్తమా. పావుగంటలో దగ్గు మొదలైంది. ఇన్‌హేలర్ తీసుకున్నా తగ్గలేదు. మేడ మీదికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాం. వాడికి ఊపిరి మామూలయ్యేసరికి రాత్రి రెండైంది. నన్ను ఒక్క మాట అనలేదు. కిందికి దిగేటప్పుడు మాత్రం "ఇంతకీ కిరీటం ఎండిందా?" అని అడిగాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

తెలుసుకోవాల్సినవి ఇవి. ఎన్-95 మాస్క్ రంగు తుంపరని ఆపుతుంది, థిన్నర్ ఆవిరిని ఆపదు. ఆవిరికి కార్బన్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి. గుడ్డ మాస్క్, కర్చీఫ్ దేనికీ పనికిరావు. మాస్క్ మనకే, పక్కవాళ్ళకి కాదు. గదిలో పడుకునేవాళ్ళు ఆ గాలే పీలుస్తారు. థిన్నర్ ఆవిరికి నిప్పంటుకుంటుంది, మోటార్ స్విచ్ దగ్గర నిప్పురవ్వ చాలు. హార్డెనర్ కలిపే కార్ పెయింట్లలో ఐసోసయనేట్లు అనేవి ఉంటాయి, అవి ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం, ఒకసారి పడకపోతే ఆస్తమా జీవితాంతం తగులుకోవచ్చు. వాటి జోలికి అసలు వెళ్ళొద్దు.

అందుకే ఇప్పుడు క్లబ్ రూల్ ఒక్కటే: నీళ్ళతో కలిపే ఎక్రిలిక్ రంగులు మాత్రమే, అదీ వర్క్‌షాప్ వరండాలోనే, ఎన్-95 పెట్టుకునే. పడుకునే గదిలో ఎవరూ కొట్టకూడదు. నీళ్ళ రంగే కదా అని మాస్క్ తీసేయకండి. తుంపర ఏదైనా తుంపరే.

రంగు కలపడం

స్టేషనరీ షాపులో దొరికే మామూలు ఎక్రిలిక్ రంగులతో మొదలుపెట్టొచ్చు. అవి చిక్కగా ఉంటాయి, రేణువులు ముతక. పాలంత పల్చగా అయ్యేదాకా కొంచెం కొంచెంగా నీళ్ళు కలపండి. గిన్నె గోడ మీదికి రంగుని జరిపి చూస్తే, పాలగ్లాసుకి అంటినట్టు పల్చటి పొర మిగిలి జారిపోవాలి. జారకపోతే చిక్కన, పొర మిగలకపోతే మరీ పల్చన. విడిగా వేరే గిన్నెలో కలిపి, పాత నైలాన్ సాక్స్ ముక్కలో వడకట్టి అప్పుడు పొయ్యండి. ఎయిర్‌బ్రష్ గిన్నెలో ముందు రెండు చుక్కల నీళ్ళు వేస్తే చిక్కటి రంగు నాజిల్‌లోకి దిగి కూర్చోదు.

ఫోమ్ రంగుని పీల్చేస్తుంది. దాని మీద ముందు ఫెవికాల్‌లో నీళ్ళు కలిపి మూడు నాలుగు పూతలు వేసి ఆరనిచ్చాం. గోల్డ్ కింద నలుపు గానీ ముదురు గోధుమ గానీ వేస్తే నగలా నిండుగా కనిపిస్తుంది. థర్మోకోల్‌తో చేసేవాళ్ళు థిన్నర్ రంగులు అస్సలు వాడొద్దు, కరిగిపోతుంది. మా ట్రయల్ భుజకీర్తులు అలాగే పోయాయి.

మొదటి వారం

వస్తువు మీదికి వెంటనే వెళ్ళొద్దు. పాత న్యూస్‌పేపర్ గోడకి అంటించి, నీళ్ళలో కాస్త ఇంకు కలిపి సాధన చేయండి. రెగ్యులేటర్ 20 పీఎస్ఐకి పెట్టండి, మీట నొక్కి గాలి పోతుండగా పెట్టండి. ఊరికే ఉన్నప్పుడు చూపించే అంకె ఎక్కువ ఉంటుంది, నొక్కగానే పడిపోతుంది.

మొదటి రోజు ఒక్కటే నేర్చుకోండి. గాలి ముందు, రంగు తర్వాత. ఆపేటప్పుడు రంగు ముందు, గాలి తర్వాత. సీఎస్ఈ వాళ్ళకి చెప్పాలంటే ఇది స్టాక్: చివర వచ్చింది ముందు పోవాలి. గాలిని ముందే ఆపేస్తే మొన మీద మిగిలిన రంగు మళ్ళీ నొక్కినప్పుడు చుక్కలా పడుతుంది.

రెండో రోజు చుక్కలు. గళ్ళ కాగితం మీద ప్రతి గడి మధ్యలో ఒక చుక్క. మూడో రోజు గీతలు. చెయ్యి కదిలాక రంగు మొదలవ్వాలి, రంగు ఆగాక చెయ్యి ఆగాలి. నాలుగో రోజు ఒక చివర వెడల్పుగా మొదలై ఇంకో చివర సన్నగా ముగిసే గీత. దగ్గరికి వెళ్తూ మీట వదులుతూ రావాలి. ఐదో రోజు చీకటి నుంచి వెలుగుకి మెల్లగా మారే షేడ్. ఆ తర్వాత ఓ ప్లాస్టిక్ బాటిల్ మీదో, పాడైన ప్రింట్ ముక్క మీదో ప్రయత్నించండి.

తప్పు ఎక్కడుందో కనిపెట్టడం డీబగ్గింగ్ లాంటిదే:

- రంగు సాలీడు కాళ్ళలా పాకుతోంది: మరీ పల్చన, లేదా మరీ దగ్గర, లేదా గాలి ఎక్కువ.
- ఉపరితలం గరుకుగా, పొడిపొడిగా ఉంది: మరీ దూరం నుంచి కొడుతున్నారు, దారిలోనే ఆరిపోతోంది.
- గిన్నెలో బుడగలు: నాజిల్ వదులుగా ఉంది, లేదా పగిలింది.
- ఒక పక్కకే పోతోంది: సూది మొన వంగింది.
- ఆగి ఆగి ఉమ్ముతోంది: మొన మీద రంగు ఎండింది, లేదా నీళ్ళు. ముందు ఫిల్టర్ చూడండి.

కడగడం సగం పని. రంగు మార్చిన ప్రతిసారీ మంచి నీళ్ళు పోసి, తెల్లగా వచ్చేదాకా కొట్టండి. చివర్లో సూది తీసి మెత్తటి గుడ్డతో వెనక నుంచి మొన వైపుకి తుడవండి. నాజిల్ బియ్యపు గింజంత ఉంటుంది. వాష్ బేసిన్ దగ్గర విప్పకండి. మాది ఒకటి ఆ పైపులోనే ఉంది. స్టీలు పళ్ళెంలో పెట్టుకుని విప్పండి. బిగించేటప్పుడు బలం వాడితే మర తెగిపోతుంది.

జూనియర్లకి

కంప్రెసర్ క్లబ్ బీరువా కింద అరలో ఉంది. డ్రెయిన్ వాల్వ్ పక్కన ఎర్ర పెయింట్‌తో "ముందు ఇది" అని రాశాను. పక్కనే రెండు మాస్క్‌ల ప్యాకెట్లు. కిరీటం కూడా అక్కడే ఉంది. మచ్చలు దిద్దుదామని రెండుసార్లు బయటికి తీసి, మళ్ళీ పెట్టేశాను. దాని మీద మీరే గోల్డ్ కోటు వేయండి. వరండాలో, మాస్క్‌తో, నీళ్ళు దించాక. మా రూమ్మేట్ ఈసారి ముందు వరసలో కూర్చుంటానన్నాడు.